ఒకే డిస్క్, ఎన్నో విషయసూచికలు

సీడీ మీద రాసిన ఫైళ్ల పేర్లు కంప్యూటరును బట్టి ఎందుకు మారతాయి? 1988 నాటి ప్రమాణం నేటి పెన్‌డ్రైవ్‌ల దాకా ఎలా నడిచి వచ్చింది?

పదిహేను, ఇరవై ఏళ్ల కిందట రైట్ చేయించిన ఒక సీడీని తీసుకుని రకరకాల కంప్యూటర్లలో పెట్టి చూడండి. విండోస్‌లో ఫైళ్ల పేర్లు చక్కగా, తెలుగులో పెట్టినవి తెలుగులోనే కనిపిస్తాయి. పాత డాస్ యంత్రంలో అవే ఫైళ్లు ఎనిమిదక్షరాల పొట్టి పేర్లతో కనిపిస్తాయి. అన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాలే, తెలుగు ఉండాల్సిన చోట వరుసగా కింది గీతలు. లినక్స్‌లో రాసిన కొన్ని సీడీలు లినక్స్‌లో నిండు పేర్లు చూపిస్తాయి, విండోస్‌లో పెట్టగానే వాటి పేర్లు కురచైపోతాయి. కొన్ని కంపెనీల సీడీలనైతే మ్యాక్‌లో తెరిస్తే అసలు ఫైళ్ల జాబితాయే వేరు.

డిస్క్ మీద ఒక్క బైటు కూడా మారలేదు. ఒకసారి రాసిన సీడీ మీద మార్చడమూ కుదరదు. మరి ఈ తేడా ఎక్కడిది?

ఒకే పుస్తకానికి ముందు రెండు మూడు విషయసూచికలు వేశారనుకుందాం. ఒకటి తెలుగులో, ఒకటి ఇంగ్లీషులో, మరొకటి పొట్టి గుర్తులతో. అధ్యాయాలు అవే, పేజీ నెంబర్లూ అవే. ఏ పాఠకుడైనా తనకు చదవడం వచ్చిన సూచిక చూసుకుని సరైన పేజీకి వెళ్తాడు. మన సీడీల్లో జరిగేది ఇదే. ఫైళ్లలోని సమాచారం డిస్క్ మీద ఒక్కసారే ఉంటుంది. దాన్ని చూపించే సూచికలు మాత్రం ఒకటికి మించి ఉంటాయి. ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కోటి ఎంచుకుంటుంది.

గుంటలు ఫైళ్లుగా మారేదెలా?

సీడీ 1982లో పాటల కోసం బజారులోకి వచ్చింది. దాని మీద లోపలి నుంచి బయటికి చుట్టలు చుట్టుకుంటూ పోయే ఒకే ఒక్క గీత ఉంటుంది. సాగదీస్తే ఐదు కిలోమీటర్లు దాటుతుంది. ఆ గీత పొడవునా కంటికి కనిపించని గుంటలు. లేజర్ కిరణం వాటి మీదుగా పోతూ ఒకట్లు, సున్నాలు చదువుతుంది.

పాటలకు ఇది చాలు. ఎన్నో నిమిషం, ఎన్నో సెకను అని చెబితే డ్రైవు దాదాపు అక్కడికి వెళ్తుంది. కాస్త అటూ ఇటూ అయినా వినేవాడికి తెలియదు. కంప్యూటరు ఫైలుకు అలా కుదరదు, ఒక్క బైటు తేడా వచ్చినా ప్రోగ్రాం నడవదు. అందుకే ఫిలిప్స్, సోనీ కంపెనీలు కంప్యూటర్ల కోసం ‘యెల్లో బుక్’ అనే మరో ప్రమాణం తెచ్చాయి. అందులో సమాచారాన్ని 2,352 బైట్ల ముక్కలుగా విడగొట్టారు. ఈ ముక్కే సెక్టార్. అందులో మనకు దక్కేది 2,048 బైట్లు. మిగిలినది ఆ ముక్క చిరునామాకు, తప్పులు పట్టి సరిదిద్దే లెక్కలకు పోతుంది. 74 నిమిషాల సీడీలో ఇలాంటి సెక్టార్లు 3,33,000. మనం 650 మెగాబైట్లు అని చెప్పుకునేది ఈ లెక్కే.

అయితే యెల్లో బుక్ సెక్టార్ల దగ్గరే ఆగిపోయింది. ఏ ఫైలు ఏ సెక్టారులో మొదలవుతుంది, దాని పేరేమిటి, అది ఏ ఫోల్డరులో ఉంది, ఈ సంగతులేవీ చెప్పలేదు. అవి చెప్పే ఒప్పందాన్నే ఫైల్ సిస్టమ్ అంటారు. ఆ ఒప్పందం లేక తొలినాళ్లలో ఏ కంపెనీ పద్ధతి దానిదే. ఒకరు వేసిన సీడీ మరొకరి యంత్రంలో తెరుచుకునేది కాదు.

హై సియెర్రా హోటల్లో ఒప్పందం

1985 నవంబరులో అమెరికాలోని టాహో సరస్సు దగ్గర, నెవాడా రాష్ట్రంలో ఉన్న హై సియెర్రా హోటల్లో కంప్యూటరు కంపెనీల ప్రతినిధులు సమావేశమయ్యారు. ఆపిల్, మైక్రోసాఫ్ట్, డిజిటల్, సోనీ, ఫిలిప్స్, 3ఎం వంటివన్నీ అందులో ఉన్నాయి. వాళ్లు తయారుచేసిన ముసాయిదాకు హోటల్ పేరే స్థిరపడింది. కొద్ది మార్పులతో అదే 1988లో ‘ఐఎస్ఓ 9660’ అనే అంతర్జాతీయ ప్రమాణమైంది.

వాళ్ల ముందున్న చిక్కు చిన్నది కాదు. డాస్‌లో పేరుకు ఎనిమిది అక్షరాలు, చివరి తోకకు మూడు. యూనిక్స్‌లో పొడవాటి పేర్లు, పెద్దక్షరాలు వేరు, చిన్నక్షరాలు వేరు. డిజిటల్ కంపెనీ వీఎంఎస్‌లో ప్రతి ఫైలు పేరు చివర అది ఎన్నో ప్రతి అని చెప్పే అంకె. మ్యాక్‌లో ఒక్కో ఫైలుకు రెండేసి భాగాలు. అందరికీ నచ్చేది కట్టలేరు కాబట్టి అందరూ చదవగలిగేది కట్టారు. ప్రమాణంలోని మొదటి స్థాయిలో ఇంగ్లీషు పెద్దక్షరాలు, అంకెలు, కింది గీత మాత్రమే వాడాలి. పేరు ఎనిమిది, తోక మూడు. ఫోల్డరులో ఫోల్డరు ఎనిమిది అంతస్తులు దాటకూడదు. పాత సీడీల్లో ఫైలు పేరు చివర అప్పుడప్పుడు సెమీకోలన్, ఒకటి కనిపించేది గుర్తుందా? అది వీఎంఎస్ కోసం ఇచ్చిన చోటు.

ఇంత కట్టుదిట్టంగా ఉన్నా ఆ ప్రమాణంలో అందరినీ సమానంగా చూసే గుణం ఉంది. ఇంటెల్ చిప్‌లు ఒక పెద్ద సంఖ్యను దాచేటప్పుడు చిన్న విలువ ఉన్న బైటును ముందు పెడతాయి. అప్పటి మ్యాక్‌లలోని మోటరోలా చిప్‌లు పెద్ద విలువను ముందు పెట్టేవి. ఏదో ఒక పద్ధతి ఎంచుకుంటే రెండో వర్గం ప్రతిసారీ సంఖ్యను తిరగేసుకోవాలి. అందుకే ముఖ్యమైన సంఖ్యలన్నిటినీ రెండు వరుసల్లోనూ, పక్కపక్కన రెండుసార్లు రాయాలని నిర్ణయించారు. ఖర్చు కొద్ది బైట్లే, ఎవరికీ అన్యాయం లేదు.

సమయం విషయంలోనూ అంతే. ఫైలు తేదీతో పాటు అది ఏ ప్రాంతపు సమయమో కూడా రాస్తారు. దాన్ని గంటల్లో లెక్కపెట్టి ఉంటే మన అయిదున్నర గంటల తేడా అందులో ఇమిడేది కాదు. పావుగంటల్లో లెక్క పెట్టారు కాబట్టి భారత కాలమానం 22 అనే నిండు సంఖ్యగా సరిగ్గా కూర్చుంది.

కావాలని వదిలిన చోట్లు

ఈ ప్రమాణం బతికి బట్టకట్టడానికి అసలు కారణం అందులో రాసిన నియమాలకన్నా, రాయకుండా వదిలిన చోట్లే. అవి మూడు.

మొదటిది డిస్క్ ఆరంభం. మొదటి 16 సెక్టార్లు, అంటే 32,768 బైట్లు, ఐఎస్ఓ 9660 ముట్టుకోదు. ఏ సిస్టమ్ అయినా తన సొంత అవసరానికి వాడుకోవచ్చు.

రెండోది ఆ తర్వాత వచ్చే వివరణల వరుస. ఒక్కో వివరణ ఒక్కో సెక్టారు. ప్రతి దాని మొదట్లో దాని రకం చెప్పే అంకె, దాని పక్కన ‘సీడీ001’ అనే ముద్ర ఉంటాయి. ఒకటో రకం అసలు విషయసూచిక ఎక్కడుందో చెబుతుంది. 255 అనే అంకె కనిపిస్తే వరుస అయిపోయినట్టు. మధ్యలో తనకు తెలియని రకం ఎదురైతే చదివే యంత్రం దాన్ని వదిలేసి తర్వాతిదానికి వెళ్లాలి.

మూడోది విషయసూచికలోని ఒక్కో పంక్తి చివర. ప్రతి పంక్తి మొదటి బైటులోనే ‘నా పొడవు ఇంత’ అని రాసి ఉంటుంది. అందువల్ల పాత యంత్రం తనకు కావలసిన పేరు, చిరునామా, పరిమాణం చదువుకుని, మిగతాది ఏమున్నా దాటేసి తర్వాతి పంక్తికి సరిగ్గా చేరుకుంటుంది. ఆ మిగతా భాగంలో ఎవరైనా తమకు కావలసినది రాసుకోవచ్చు.

తర్వాత వచ్చిన పొడిగింపులన్నీ ఈ మూడు చోట్లలోనే కుదురుకున్నాయి.

రాక్ రిడ్జ్: పంక్తి చివరి చోటు

1990ల మొదట్లో యూనిక్స్ వాళ్లకు ఐఎస్ఓ 9660 సరిపోలేదు. యూనిక్స్‌లో ఫైలంటే పేరొక్కటే కాదు. దాని యజమాని ఎవరు, ఎవరు చదవొచ్చు, ఎవరు మార్చొచ్చు, అది నిజంగా ఫైలా లేక మరో ఫైలును చూపే లంకెనా, ఇవన్నీ ఉండాలి. అవి పోతే సీడీ మీదున్న సాఫ్ట్‌వేర్ నడవదు.

రాక్ రిడ్జ్ అనే పొడిగింపు ఈ వివరాలన్నిటినీ ప్రతి పంక్తి చివరి ఖాళీలోకి ఎక్కించింది. ఒక్కో వివరానికి రెండక్షరాల గుర్తు. ‘ఎన్ఎం’ అంటే నిండు పేరు, ‘పీఎక్స్’ అంటే యజమాని, అనుమతుల వివరం, ‘ఎస్ఎల్’ అంటే లంకె. పంక్తి పొడవు ఒక్క బైటులో రాస్తారు కాబట్టి అది 255 దాటదు. వివరాలు అంతలో పట్టకపోతే? దానికీ ఒక గుర్తు పెట్టారు. ‘సీఈ’ అని ఉంటే మిగతాది ఫలానా సెక్టారులో ఉందని అర్థం.

ఎనిమిది అంతస్తుల పరిమితిని కూడా నేర్పుగా దాటారు. తొమ్మిదో అంతస్తు ఫోల్డరును తీసుకెళ్లి పైన వేరే ఫోల్డరులో పెడతారు. అసలు చోట ఒక గుర్తు వదులుతారు. రాక్ రిడ్జ్ తెలిసిన సిస్టమ్ ఆ గుర్తును చూసి ఫోల్డరును దాని సొంత స్థానంలోనే చూపిస్తుంది. తెలియని సిస్టమ్‌లో ‘ఆర్ఆర్_మూవ్డ్’ అనే వింత ఫోల్డరు ఒకటి బయటపడుతుంది. అది వైరస్సేమోనని భయపడక్కర్లేదు, లోతైన ఫోల్డర్లు తాత్కాలికంగా తలదాచుకున్న చోటు అది.

విండోస్ ఈ పంక్తుల చివరిభాగాన్ని చదవదు. కాబట్టి రాక్ రిడ్జ్ ఒక్కటే ఉన్న సీడీని విండోస్‌లో పెడితే పొట్టి పేర్లే కనిపిస్తాయి. మొదట అడిగిన చిక్కుల్లో ఒకటి ఇక్కడ విడిపోయింది.

జోలియెట్: రెండో విషయసూచిక

1995లో విండోస్ 95తో పొడవాటి ఫైలు పేర్లు వచ్చాయి. మైక్రోసాఫ్ట్ మరో దారి పట్టింది. పాత సూచికను పొడిగించకుండా, పూర్తిగా కొత్త సూచికను వేరుగా రాయించింది. వివరణల వరుసలో రెండో రకం వివరణ ఒకటి చేర్చి, ‘ఇక్కడ ఇంకో విషయసూచిక ఉంది, ఇందులో పేర్లు యూనికోడ్‌లో ఉన్నాయి’ అని చెప్పింది. దీని పేరు జోలియెట్. ఒక్కో గుర్తుకు రెండు బైట్లు, పేరుకు 64 గుర్తులు.

రెండు సూచికలూ చూపించే సెక్టార్లు మాత్రం ఒకటే. అందుకే సీడీలో చోటు రెండింతలు పట్టదు. వెయ్యి ఫైళ్లున్న ఫోల్డరుకు కూడా రెండో సూచిక పావు మెగాబైటు లోపే సరిపోతుంది. డాస్ రెండో రకం వివరణను దాటేసి పాత సూచికతో పని కానిస్తుంది, విండోస్ కొత్తది చదువుతుంది. ఒకే సీడీలో రాక్ రిడ్జ్, జోలియెట్ రెండూ ఉంచవచ్చు. రెండూ కనిపిస్తే లినక్స్ మామూలుగా రాక్ రిడ్జ్‌ను ఎంచుకుంటుంది. కాబట్టి 64 గుర్తులు దాటిన పేరు లినక్స్‌లో నిండుగానూ, విండోస్‌లో తెగిపోయీ కనిపించవచ్చు.

---

బాక్సు: తెలుగు పేరుకు ఎంత చోటు?

1991లో వచ్చిన యూనికోడ్ మొదటి సంచికలోనే తెలుగుకు స్థానం దక్కింది. కాబట్టి జోలియెట్ సూచికలో తెలుగు పేర్లకు మొదటి నుంచీ అవకాశం ఉంది. కాకపోతే మనం అక్షరం అనుకునేదీ, కంప్యూటరు లెక్కపెట్టేదీ ఒకటి కాదు. హల్లు, గుణింతం, పొల్లు, సున్న, ఇవన్నీ విడివిడి గుర్తులే.

‘రాజమహేంద్రవరం’ మన లెక్కలో ఏడక్షరాలు. యూనికోడ్ లెక్కలో 13 గుర్తులు. జోలియెట్‌లో గుర్తుకు రెండేసి చొప్పున 26 బైట్లు పడుతుంది. లినక్స్‌లో ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో గుర్తుకు మూడేసి చొప్పున 39 బైట్లు.

లినక్స్‌లో పేరుకు 255 బైట్ల హద్దు ఉంది. అంటే తెలుగులో 85 గుర్తులు. జోలియెట్‌లో 64. ఒత్తులు, గుణింతాలు ఎక్కువున్న పేర్లు ఈ హద్దులను మనం అనుకున్నదానికన్నా ముందే తాకుతాయి.

ఇంకో తేడా కూడా ఉంది. జోలియెట్ సూచిక తన అక్షరాలు యూనికోడ్ అని ముందే ప్రకటిస్తుంది. రాక్ రిడ్జ్ ఆ మాట చెప్పదు, బైట్లను ఉన్నవున్నట్టు దాస్తుంది. రాసిన యంత్రమూ చదివే యంత్రమూ వేర్వేరు లిపి పద్ధతులు వాడితే పేర్లు అర్థంకాని గుర్తులుగా కనిపిస్తాయి.

---

మ్యాక్, ఎల్ టొరిటో: మరికొన్ని చోట్లు

మ్యాక్ ఫైలులో రెండో భాగం ఉంటుందని చెప్పుకున్నాం. బొమ్మ గుర్తులు, మెనూలు వంటివి అందులో ఉండేవి. దాన్ని కాపాడటానికి డిస్క్ మొదటి 32,768 బైట్ల ఖాళీ ఉపయోగపడింది. మ్యాక్ తన సొంత ఫైల్ సిస్టమైన హెచ్ఎఫ్ఎస్ ఆరంభ సమాచారాన్ని సరిగ్గా ఆ చోటే వెతుకుతుంది. దాన్ని అక్కడ ఉంచితే మ్యాక్‌కు ఆ డిస్క్ మ్యాక్ డిస్క్‌గా కనిపిస్తుంది. మిగతా యంత్రాలు ఆ చోటు దాటి ఐఎస్ఓ 9660 చదువుతాయి. వీటినే హైబ్రిడ్ సీడీలంటారు. ప్రచురణకర్తలు విండోస్ ప్రోగ్రాములను ఒక సూచికలో, మ్యాక్ ప్రోగ్రాములను మరో సూచికలో చూపించేవారు. మ్యాక్‌లో జాబితాయే వేరుగా కనిపించడానికి కారణం ఇది.

అదే 1995లో ఫీనిక్స్, ఐబీఎం కంపెనీలు కలిసి ఎల్ టొరిటో అనే ఏర్పాటు తెచ్చాయి. అప్పటిదాకా సీడీ నుంచి ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాలన్నా ముందు ఫ్లాపీతో కంప్యూటరును లేపాల్సి వచ్చేది. ఎల్ టొరిటో 17వ సెక్టారులో ఒక వివరణ పెట్టి, కంప్యూటరును లేపే ప్రోగ్రాం ఎక్కడుందో చెప్పించింది. ఆ ప్రోగ్రామును ఫ్లాపీలా నటింపజేసే వీలూ కల్పించింది. ఐఎస్ఓ 9660లో ఒక్క నియమం మార్చనక్కర లేకపోయింది.

యూడీఎఫ్: రాయడానికీ చెరపడానికీ

ఇన్ని పొడిగింపులు చేసినా ఐఎస్ఓ 9660 ఒకసారి ముద్రించి ఎన్నోసార్లు చదివే డిస్క్ కోసం పుట్టినదే. ఇంట్లోనే రాసుకునే సీడీలు, చెరిపి రాసే సీడీలు, డీవీడీలు వచ్చాక ఫైలును చేర్చడం, తీసేయడం, మార్చడం అవసరమయ్యాయి. పైగా ఫైలు పరిమాణాన్ని నాలుగు బైట్లలో రాస్తారు కాబట్టి ఒక్క ముక్కగా రాసిన ఫైలు 4,29,49,67,295 బైట్లు దాటలేదు. పెద్ద ఫైలును ముక్కలుగా రాసుకునే వీలు ప్రమాణంలో ఉన్నా అన్ని సిస్టమ్‌లూ దాన్ని సరిగ్గా చదవలేదు.

అందుకు పుట్టింది యూడీఎఫ్. ఆప్టికల్ డిస్క్ తయారీదారుల సంఘమైన ఓస్టా దీన్ని 1995లో తెచ్చింది. చెరపలేని సీడీ మీద కూడా మార్పు చేసినట్టు చూపించడం దీని నేర్పు. మారిన భాగాన్ని కొత్త చోట రాసి, ‘ఫలానా సెక్టారు ఇకనుంచి ఇక్కడ ఉంది’ అనే పట్టికను చివర చేరుస్తుంది. పాతది డిస్క్ మీదే ఉంటుంది గానీ దారి దానివైపు చూపించదు. పదే పదే రాసి అరిగిపోయిన చోట్లకు బదులు వేరే చోట్లు కేటాయించే ఏర్పాటు కూడా ఉంది.

డీవీడీ వీడియోకు యూడీఎఫ్ 1.02ను ఎంచుకున్నారు. పాత కంప్యూటర్ల కోసం పక్కనే ఐఎస్ఓ 9660 సూచికను కూడా ఉంచారు. బ్లూ-రే 2.50కు వెళ్లింది. ఇక్కడ మాత్రం పాత యంత్రాలకు ఇబ్బంది తప్పలేదు. విండోస్ ఎక్స్‌పీ సొంతంగా 2.01 దాకానే చదవగలదు, 2.50 విండోస్ విస్టాతో వచ్చింది. ప్రమాణం పేరు ఒకటే అయినా సంచిక కొత్తదైతే పాత యంత్రం దగ్గర డిస్క్ తెరుచుకోదు.

డిస్క్ పోయినా ప్రమాణం పోలేదు

ఇప్పుడు కొత్త ల్యాప్‌టాప్‌లలో సీడీ డ్రైవు కనిపించడమే అరుదు. అయినా ఆపరేటింగ్ సిస్టమ్ దించుకునేవాళ్లు ఈనాటికీ ‘ఐఎస్ఓ ఫైలు’ అనే అంటారు. అది డిస్క్‌లోని సెక్టార్లన్నిటినీ మొదటి నుంచి చివరి దాకా వరుసగా తీసిన నకలు.

చాలా లినక్స్ ఐఎస్ఓలను ఉన్నవున్నట్టు పెన్‌డ్రైవ్ మీద రాస్తే కంప్యూటరు వాటితో లేస్తుంది. ఎలా? మొదటి 32,768 బైట్ల ఖాళీలో హార్డ్ డిస్క్‌కు ఉండేలాంటి ఆరంభ సమాచారం ఉంచుతారు. హార్డ్ డిస్క్ అనుకుని చదివే యంత్రానికి అది హార్డ్ డిస్క్, సీడీ అనుకుని చదివే యంత్రానికి సీడీ. 1980లలో పెన్‌డ్రైవ్ ఊహకైనా లేని కాలంలో వదిలిన చోటు ఇప్పుడిలా పనికొచ్చింది.

విండోస్ ఇన్‌స్టాల్ చేసే ఐఎస్ఓలో మరో ఏర్పాటు ఉంది. అసలు ఫైళ్లన్నీ యూడీఎఫ్ సూచికలో ఉంటాయి. ఐఎస్ఓ 9660 సూచికలో ఉండేది ఒకే ఒక్క చిన్న రీడ్‌మీ ఫైలు. యూడీఎఫ్ చదవగల సిస్టమ్ కావాలని చెప్పడమే దాని పని. పాత పాఠకుడికి విషయం ఇవ్వలేకపోయినా, ఎందుకు ఇవ్వలేకపోతున్నదో మర్యాదగా చెబుతుంది.

---

బాక్సు: పాత డిస్కులు దాచుకునేవారికి

• ఫైళ్లను మాత్రమే కాపీ చేస్తే మీ కంప్యూటరు ఎంచుకున్న ఒక్క సూచికే మీకు దక్కుతుంది. డిస్క్ మొత్తానికి ఐఎస్ఓ నకలు తీస్తే అన్ని సూచికలూ వస్తాయి.

• పెళ్లి వీడియోల వీసీడీలకు, పాటల సీడీలకు ఐఎస్ఓ నకలు పనికిరాదు. వీసీడీలో వీడియో ఉన్న సెక్టార్లలో 2,324 బైట్ల సమాచారం ఉంటుంది. 2,048 లెక్కన తీసే ఐఎస్ఓలో అది పట్టదు. పాటల సీడీకి అసలు ఫైల్ సిస్టమే ఉండదు. ఇలాంటివాటికి సెక్టారును మొత్తంగా తీసే ‘బిన్-క్యూ’ నకలు కావాలి.

• గీతలు పడ్డ డిస్క్‌కు ‘డీడీరెస్క్యూ’ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వాడవచ్చు. బాగున్న సెక్టార్లను ముందు తీసి, చదవలేని వాటి కోసం మళ్లీ ప్రయత్నిస్తుంది.

• కొత్తగా డిస్క్ రాస్తుంటే జోలియెట్, రాక్ రిడ్జ్ రెండూ పెట్టమనండి.

---

ఇందులోంచి ఏం నేర్చుకోవాలి?

చదివే సాఫ్ట్‌వేర్ కూడా కాలంతో పాటు పోతుంది. 2019లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ క్యాటలీనా పాత హెచ్ఎఫ్ఎస్‌ను చదవడం మానేసింది. మ్యాక్ కోసం వేసిన హైబ్రిడ్ సీడీల మ్యాక్ భాగం ఇప్పుడు కొత్త మ్యాక్‌లలోనే కనిపించదు. అది చూడాలంటే లినక్స్‌కు వెళ్లాలి. అందుకే నిఘంటువులు, పత్రికల పాత సంచికలు, ఊరి చరిత్రలు సీడీల్లో దాచుకున్న గ్రంథాలయాలూ కుటుంబాలూ నకళ్లు తీసే పనిని వాయిదా వేయకూడదు. డిస్క్ పాడవడం, డ్రైవు దొరకకపోవడం, చదివే సాఫ్ట్‌వేర్ పోవడం, ఈ మూడింటిలో ఏది ముందొచ్చినా పేర్లూ పోతాయి, ఫైళ్లూ పోతాయి.

మరో పాఠం కొత్త పద్ధతులు కట్టేవారికి. ఐఎస్ఓ 9660ను రూపొందించినవారికి యూనికోడ్ తెలియదు, డీవీడీ తెలియదు. భవిష్యత్తు తమకు తెలియదన్న సంగతి మాత్రం వాళ్లకు బాగా తెలుసు. అందుకే కొంత చోటు వదిలారు, ప్రతి పంక్తికీ దాని పొడవు రాశారు, తెలియనిది కనిపిస్తే చెడగొట్టకుండా దాటిపొమ్మన్నారు. భూమి రికార్డులు, ఆసుపత్రి రికార్డులు, విద్యార్థుల ధ్రువపత్రాలు కంప్యూటర్లలోకి ఎక్కుతున్న ఈ కాలంలో ప్రతి రికార్డు పద్ధతికీ ఈ మూడు నియమాలూ ఉండి తీరాలి. లేకపోతే ఒక్క కొత్త గడి చేర్చాల్సి వచ్చిన రోజున పాత రికార్డులన్నీ మార్చాలి, లేదా వదులుకోవాలి. వదులుకునే హక్కు మనకు లేదు, ఆ రికార్డులు మన తర్వాత వచ్చేవారివి కూడా.